చిన్న రంధ్రం, పెద్ద ప్రశ్న: బొడ్డు హెర్నియా కుట్టుదారాల చరిత్ర

సూరత్ నగరానికి నైరుతి దిక్కున, తపతీ నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గరలో డుమస్ అనే ఊరుంది. అక్కడి తీరంలో ఇసుక నల్లగా ఉంటుంది. ఆదివారం సాయంత్రాలు సూరత్ జనం అక్కడికి చేరి టమాటా బజ్జీలు తిని వెళుతుంటారు. నదీముఖానికి అవతలి వైపు హజీరా పెట్రోకెమికల్ కర్మాగారాలు ఉన్నాయి. వాటికి ఇంకా ఉత్తరాన సువాలీ రేవు. 17వ శతాబ్దంలో ఐరోపా నుంచి వచ్చిన పెద్ద ఓడలు నదిలోకి రాలేక లంగరు వేసింది అక్కడే.

ఆపరేషన్‌లో వాడే కుట్టుదారాల గురించి చెప్పుకోవడానికి ఈ ఒడ్డు నుంచి ఎందుకు మొదలుపెట్టామని మీకు సందేహం రావచ్చు. కారణం ఉంది. సర్జన్లు మనిషి పొట్టను కుట్టడానికి గత 150 ఏళ్లలో పట్టు వాడారు, నూలు వాడారు, వెండితీగ వాడారు, నైలాన్, పాలిస్టర్ వాడారు. ఇవన్నీ సూరత్ బజారులో పుట్టిపెరిగిన సరుకులే. ముందు పట్టు, నూలు. వాటితోపాటు వెండితీగను పట్టుదారానికి చుట్టి చేసే జరీ. 20వ శతాబ్దంలో కృత్రిమ పట్టు, ఆ తర్వాత నైలాన్, పాలిస్టర్. సర్జన్ల దారం సూరత్ నుంచి వెళ్లిందని నేను అనడం లేదు. ఒకే రకం దారాన్ని నేతగాడు ఒక కారణంతో ఎంచుకుంటే, సర్జన్ ఇంకొక కారణంతో ఎంచుకున్నాడు. ఆ తేడాను చూడటానికి ఈ ఊరు మనకు అనుకూలంగా ఉంటుంది.

మన తెలుగువారికి సూరత్ కొత్త కాదు. తెలంగాణ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు కొన్ని తరాలుగా అక్కడి సాంచాల మీద పని చేస్తున్నాయి. లింబాయత్ ప్రాంతంలో తెలుగు మాట వినకుండా వీధి దాటలేం. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడిపింది. సాంచా మీద బీము ఎత్తి పెట్టడం, దించడం బరువు పని. పొట్ట గోడలో ఎక్కడ బలహీనత ఉన్నా ఆ బరువు అక్కడ తెలుస్తుంది. అందుకే, బొడ్డు దగ్గర వేలు పట్టేంత రంధ్రాన్ని ఏ దారంతో మూయాలన్న ప్రశ్న అటువంటి మనిషికి ఒక సీజను కూలి పోతుందా, రెండు సీజన్ల కూలి పోతుందా అన్న ప్రశ్న కూడా అవుతుంది.

ముందుగా ఆ రంధ్రం ఏమిటో చూద్దాం. గర్భంలో ఉన్న శిశువుకు బొడ్డుతాడు పొట్ట గోడలోని ఒక వలయం గుండా వస్తుంది. పుట్టిన తర్వాత తాడు రాలిపోతుంది, వలయం మూసుకుపోయి మచ్చలా గట్టిపడుతుంది. అలా పూర్తిగా మూసుకోకపోతే లోపలి కొవ్వు గాని, పేగు మడత గాని ముందుకు వచ్చి బొడ్డు ఉబ్బుతుంది. పసిపిల్లల్లో ఇది చాలావరకు నాలుగైదేళ్ల లోపు తనంతట తానే సర్దుకుంటుంది. పెద్దవాళ్లు బొడ్డు మీద రూపాయి బిళ్ల పెట్టి గుడ్డ బిగించి కట్టడం మన ఇళ్లలో మీరు చూసే ఉంటారు. బిళ్ల వల్ల రంధ్రం త్వరగా మూసుకోదు. కింద చర్మం ఒరుసుకుపోవడం మాత్రం జరుగుతుంది. పెద్దల విషయం వేరు. వరుస కాన్పులు, స్థూలకాయం, కాలేయ జబ్బు వల్ల పొట్టలో నీరు చేరడం వంటి కారణాలతో వలయం సాగితే, అది మళ్లీ తనంతట తాను మూసుకోదు. రంధ్రం చిన్నదైతే ప్రమాదం తక్కువని చాలామంది అనుకుంటారు. ఇరుకు రంధ్రంలో పేగు చిక్కుకుంటే రక్తం ఆడక కుళ్లిపోయే ప్రమాదం ఉంటుంది. అప్పుడది రాత్రికి రాత్రి చేయవలసిన ఆపరేషన్.

కుట్టడం మన దేశంలో పాత విద్యే. సుశ్రుత సంహితలో గాయాలను కుట్టడానికి సన్నని నూలు, జనపనార, అవిసె నార, స్నాయువు, వెంట్రుక, తిప్పతీగ నార వంటివి చెప్పారు. పేగుకు గాయమైతే నల్లచీమల చేత అంచులను కరిపించి, తలలు మాత్రం ఉంచి మొండేలు తుంచేయమన్నారు. లోపల వదిలిన చీమతల కొన్నాళ్లకు శరీరంలో కలిసిపోతుంది. మళ్లీ విప్పి తీయవలసిన అవసరం లేని కుట్టు అన్న ఆలోచన అంత పాతది. రోమన్ కాలపు గాలెన్ పట్టు, నార, జంతువుల పేగు దారాలను ప్రస్తావించాడు. 10వ శతాబ్దం నాటికి అరబ్బు వైద్యులు సంగీతవాద్యాల తంత్రులు చేసే పేగుదారంతో పొట్ట గాయాలు కుట్టారు.

అయినా మత్తు, క్రిమిరహిత పద్ధతులు లేని కాలంలో హెర్నియా కోసం పొట్ట కోయడానికి చాలా కొద్దిమందే సాహసించేవారు. ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో, 1613లో సూరత్‌లో వ్యాపార స్థావరాలు పెట్టింది. కంపెనీ సర్జన్ జాన్ ఫ్రయర్ 1673లో మచిలీపట్నంలో దిగి, తర్వాత సూరత్‌లో పనిచేశాడు. అతని యాత్రా గ్రంథం 1698లో అచ్చయింది. కోరమాండల్ బట్ట, గుజరాతు బట్ట రెండూ చూసిన వైద్యుడతను. అతని కాలపు సర్జన్ దగ్గర హెర్నియాకు ఉన్న ప్రధాన సాధనం నడుముకు బిగించే పట్టీ. దారం లేక కాదు, కుట్టినచోట చీము పట్టకుండా చూసే దారి తెలియక.

ఆ దారి 1867లో జోసెఫ్ లిస్టర్ చూపించాడు. అంతకుముందు రక్తనాళాలను ముడివేసిన దారాల చివరలను గాయం బయటికి వేలాడదీసేవారు. లోపల చీము పట్టి ముడి ఊడేదాకా రోజూ కొద్దికొద్దిగా లాగేవారు. లిస్టర్ దారాన్ని కార్బాలిక్ ఆమ్లంలో నానబెట్టి, చివరలు కత్తిరించి, గాయం మూసేశాడు. 1869లో అతను క్యాట్‌గట్‌ను ముందుకు తెచ్చాడు. పేరులో పిల్లి ఉన్నా అది గొర్రె పేగు పొరల నుంచి తీసే దారం. 1881 నాటికి దానికి క్రోమిక్ ఆమ్లం పట్టించి మరికొన్నాళ్లు నిలిచేలా చేశాడు. లోపల తనంతట తానే కరిగిపోయే దారం దొరికింది కదా, ఇక సమస్య తీరినట్టే అనుకున్నారు.

తీరలేదు. సాదా క్యాట్‌గట్ వారం పది రోజుల్లో బలం కోల్పోతుంది, క్రోమిక్ రెండు మూడు వారాల్లో. పొట్ట గోడలో కండరాలను పట్టి ఉంచే గట్టి పొర మాత్రం అంత తొందరగా అతుక్కోదు. దానికి పాత బలంలో సగం రావడానికే దాదాపు రెండు నెలలు పడుతుంది. ఏడాది గడిచినా నూటికి 80 పాళ్ల దగ్గరే ఆగుతుంది. స్లాబు పోసిన ఇళ్లలో ఉన్నవాళ్లకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. సెంట్రింగ్ చెక్కలు ఎంత గట్టివన్నది ఒక ప్రశ్న, వాటిని ఎన్నో రోజున తీశామన్నది ఇంకొక ప్రశ్న. క్యాట్‌గట్ తొందరపడి సెంట్రింగ్ విప్పేసేది. చర్మం మీద గాయం చక్కగా మానినట్టు కనిపించేది. ఆరు నెలల తర్వాత దగ్గితే బొడ్డు మళ్లీ ఉబ్బేది. పిచ్చికుక్క జబ్బుకు సంబంధం లేని, పశువులకు వచ్చే మెదడు వ్యాధి భయంతో 2001లో ఐరోపాలో క్యాట్‌గట్‌ను పక్కన పెట్టేశారు. హెర్నియా మరమ్మతుకు పనికిరాదని సర్జన్లు అంతకు ఎంతో ముందే తేల్చుకున్నారు.

అమెరికాలో విలియం మేయో 1901లో బొడ్డు హెర్నియాకు కొత్త పద్ధతి ప్రకటించాడు. రంధ్రం పై అంచును కింది అంచు మీదికి లాగి, ఒకదాని మీద ఒకటి వచ్చేలా రెండు వరుసల కుట్లు వేశాడు. పంచె కుచ్చిళ్ల మీద చొక్కా పడినట్టు ఉంటుంది. రెండు పొరలు ఉంటే రెట్టింపు బలమన్నది ఊహ. దాదాపు అరవై ఏళ్లు ప్రపంచమంతా అదే నేర్చుకుంది. అయితే అంచులను అలా లాగి ఎక్కించడంలో కుట్ల మీద బిగుతు పెరుగుతుందని, ఆ బిగుతే నష్టమని తర్వాతి తరం గ్రహించింది.

దారం విషయంలో సర్జన్లు అటూ ఇటూ ఊగారు. బాల్టిమోర్‌లోని విలియం హాల్‌స్టెడ్ 1913లో క్యాట్‌గట్ బదులు సన్నని పట్టుదారం వాడమని గట్టిగా వాదించాడు. పట్టు ముడి జారదు, చేతికి వీలుగా ఉంటుంది. కానీ అది అనేక పోగుల అల్లిక. ఆ పోగుల సందుల్లో క్రిములు దాక్కుంటే తెల్ల రక్తకణాలు అక్కడికి చేరలేవు. నెలల తర్వాత బొడ్డు పక్కన చిన్న రంధ్రం పడి చీము కారుతుంది, ముడి తీసేదాకా మానదు. 1939లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ సర్జన్లు మీడ్, ఆక్స్‌నర్ దర్జీలు వాడే రీలు నూలునే ఉడికించి వాడి చూశారు. యుద్ధకాలంలో పట్టు కరువైనప్పుడు అది అక్కరకు వచ్చింది. నూలుదీ అల్లిక కష్టమే.

వెండితీగ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. అమెరికాలోని అలబామాలో మేరియన్ సిమ్స్ 1849లో వెండితీగ కుట్లతో కాన్పు గాయాలను విజయవంతంగా మూశాడు. ఆ ప్రయోగాలు జరిగింది బానిస స్త్రీల మీద, మత్తు లేకుండా. వారిలో అనార్కా అనే ఆమె మీద పదేపదే ఆపరేషన్లు జరిగాయి. దారాల చరిత్ర రాసేవారు చాలాకాలం వెండి పేరు రాశారు గాని, ఆమె పేరు రాయలేదు. వెండి క్రిములను కొంత అడ్డుకుంటుందన్న నమ్మకంతో 1900లో జర్మన్ సర్జన్లు విట్జెల్, గోపెల్ వెండితీగలతో వల అల్లి హెర్నియా మీద పరిచారు. సూరత్ జరీ పనివారు చూస్తే ఆ వల ఎక్కడ విరుగుతుందో ముందే చెప్పి ఉండేవారేమో! కదిలే శరీరంలో తీగ గట్టిపడి, విరిగి, మొనలు గుచ్చుకున్నాయి. వల పరచడమన్న ఆలోచన మాత్రం నిలిచింది. దానికి తగిన దారం అప్పటికింకా పుట్టలేదు.

ఆ దారం రసాయన ప్రయోగశాలల్లో పుట్టింది. 1935లో అమెరికాలో నైలాన్, 1941లో ఇంగ్లండులో పాలిస్టర్, 1954లో ఇటలీలో జూలియో నట్టా చేతిలో పాలిప్రొపిలీన్. బట్టల కోసం, సంచుల కోసం, పైపుల కోసం తయారైన వీటిని సర్జన్లు వెంటనే అందుకున్నారు. పాలిప్రొపిలీన్ కుట్టుదారం 1969 నుంచి వాడుకలోకి వచ్చింది. అది నీలిరంగు ఒంటిపోగు దారం. సందులు లేవు కనుక క్రిములకు చోటు తక్కువ. శరీరంలో కరగదు, ఏళ్ల తరబడి బలం తగ్గదు. నైలాన్ కూడా కరగదు గాని, ఏడాదికేడాది కొంత బలం పోగొట్టుకుంటుంది. ఒంటిపోగుకు ఒక దుర్గుణం ఉంది. చుట్టగా ఉన్నప్పటి వంపును అది మరచిపోదు, ముడి విప్పుకోవాలని చూస్తుంది. అందుకని పట్టుకు మూడు ముడులు చాలినచోట దీనికి అయిదారు వేయాలి. అన్ని ముడుల గుత్తి పలుచని మనిషికి బొడ్డు చర్మం కింద గరుకుగా తగులుతుంది. నేతలో పోగు తెగితే వేసే ముడి ఎంత చిన్నదైతే అంత మేలని తెలిసిన మనవాళ్లకు ఈ ఇబ్బంది వివరించనక్కరలేదు. దారం కొలతలోనూ ఒక తమాషా ఉంది. నూలు కౌంటు పెరిగితే దారం సన్నబడుతుంది. సూరత్ పాలిస్టర్‌ను కొలిచే డెనియర్ పెరిగితే దారం లావవుతుంది. కుట్టుదారానికి సున్నాల లెక్క: ఎన్ని సున్నాలుంటే అంత సన్నం.

ఇక కరిగే దారాల్లో రెండో తరం వచ్చింది. 1970లో అమెరికన్ సయనమిడ్ కంపెనీ విభాగమైన డేవిస్ అండ్ గెక్ పాలిగ్లైకాలిక్ ఆమ్లపు దారాన్ని మార్కెట్లోకి తెచ్చింది. మన యల్లాప్రగడ సుబ్బారావు పనిచేసిన లెడర్లీ సంస్థ కూడా అదే కంపెనీది. ఈ దారంతో ఆయనకు సంబంధం లేదు, 1948లోనే ఆయన కన్నుమూశారు. పాఠకులు ఆ పేరు చూసి గుర్తు చేసుకుంటారని ప్రస్తావించాను. తర్వాత 1974లో పాలిగ్లాక్టిన్ వచ్చింది. మన ఆసుపత్రుల్లో వైక్రిల్ అనే పేరుతో దీన్ని ఎక్కువగా పిలుస్తారు. 1980ల మొదట్లో పాలిడయాక్సనోన్ వచ్చింది. వైక్రిల్ మూడు వారాలకు సగం బలం మిగుల్చుకుంటుంది, రెండు నెలలు దాటేసరికి కరిగిపోతుంది. పాలిడయాక్సనోన్ నాలుగు వారాలకు సగం, ఆరు వారాలకు పావు వంతు బలం నిలుపుకొని, పూర్తిగా కరగడానికి ఆరేడు నెలలు తీసుకుంటుంది.

పొరకు సగం బలం రావడానికి రెండు నెలలు పడుతుందన్న లెక్కను ఈ అంకెల పక్కన పెట్టి చూడండి. మొదటి రోజున చేత్తో లాగి చూస్తే వైక్రిల్ ఎంతో గట్టి దారం. సూరత్ బజారులో దారం కొనేవాడు చేసే పరీక్ష అదే. సర్జన్ చేయవలసిన పరీక్ష ముప్పయ్యో రోజుది, నలభయ్యో రోజుది. ఆ పరీక్షలో వైక్రిల్ వెనకబడుతుంది. మెల్లగా కరిగే పాలిడయాక్సనోన్ నిలబడుతుంది, కరగని పాలిప్రొపిలీన్ నిలబడుతుంది. బొడ్డు హెర్నియాకు త్వరగా కరిగే దారం వాడవద్దని చెప్పడం వెనుక ఉన్న తర్కమంతా ఇదే.

అయితే మళ్లీ వచ్చిన హెర్నియాను విప్పి చూసిన సర్జన్లకు ఒక విచిత్రం కనిపించేది. నీలిరంగు దారం చెక్కుచెదరకుండా ఉంది, ముడి ముడిలాగే ఉంది. దారం కోసుకుంటూ పోయింది పొరను. వెన్నముద్దను దారంతో కోసినట్టు. ఇంగ్లండులో జెంకిన్స్ అనే సర్జన్ 1976లో దీని లెక్క చెప్పాడు. కోత పొడవుకు కనీసం నాలుగు రెట్లు దారం పట్టేలా కుట్లు వేయాలన్నాడు. పొట్ట ఉబ్బినప్పుడు గాయం సాగుతుంది. దారం పొదుపు చేసి బిగించి కుట్టినవాడి కుట్టు అప్పుడు పొరను కోస్తుంది. నెదర్లాండ్స్‌లో 560 మంది మీద జరిగిన పరిశీలన 2015లో వెలువడింది. అంచు నుంచి అయిదు మిల్లీమీటర్ల దూరంలో చిన్నచిన్న కుట్లు వేస్తే ఏడాదికి నూటికి 13 మందికి హెర్నియా వచ్చింది. పెద్ద కుట్లు వేసిన వారిలో 21 మందికి. అది పొట్ట మధ్యలో వేసిన నిలువు కోతల గురించి, బొడ్డు హెర్నియా గురించి కాదు. అంకెను యథాతథంగా ఇక్కడికి తేకూడదు, కారణాన్ని మాత్రం తీసుకోవచ్చు.

ఈలోగా టెక్సాస్‌లో ఫ్రాన్సిస్ అషర్ 1950ల చివర్లో పాలిథిలీన్ వలను, తర్వాత పాలిప్రొపిలీన్ వలను హెర్నియాకు వాడాడు. అంచులను లాగి కలపనక్కరలేదు. రంధ్రం మీదుగా వల పరిస్తే కణజాలం ఆ కళ్లలోకి పెరుగుతుంది. పెద్ద హెర్నియాలకు సరే, రెండు సెంటీమీటర్ల బొడ్డు రంధ్రానికి కూడా వల అవసరమా అన్న వాదం చాలాకాలం నడిచింది. స్పెయిన్‌లో అరోయో బృందం 2001లో 200 మంది ఫలితాలు ప్రకటించింది: కుట్లు మాత్రమే వేసిన వారిలో నూటికి 11 మందికి హెర్నియా తిరిగివచ్చింది, వల వేసిన వారిలో ఒకరికి. ఒకటి నుంచి నాలుగు సెంటీమీటర్ల రంధ్రాలున్న 300 మందిపై జరిగిన మరో పరిశీలన 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. రెండేళ్ల తర్వాత కుట్టు వారిలో నూటికి 12, వల వారిలో 4. వారం వారం దారాలు పోల్చుకుంటూ పోయిన సర్జన్లకు ఇది కాస్త చిన్నతనమే. దారాల మధ్య తేడా కంటే దారానికీ వలకూ మధ్య తేడా పెద్దదని తేలింది.

వల ఖరీదు మాట వచ్చేసరికి మనం తపతీ నది వెంట ఎగువకు వెళ్లాలి. సూరత్ నుంచి భుసావళ్ వైపు వెళ్లే రైలుమార్గం మీద, మహారాష్ట్రలోని ధూళే జిల్లాలో దొండాయిచా అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి సర్జన్ రవీంద్రనాథ్ తోంగావ్‌కర్, బ్రహ్మారెడ్డి మొదలైన సహచరులతో కలిసి 2003లో ఇండియన్ జర్నల్ ఆఫ్ సర్జరీలో ఒక వ్యాసం ప్రచురించారు. బజారులో దొరికే దోమతెర గుడ్డను శుద్ధిచేసి హెర్నియా వలగా వాడిన ఫలితాలవి. కంపెనీ వల కొనలేని రోగికి కొద్ది రూపాయల గుడ్డతో అదే పని జరిగింది. ఆ దోమతెర కూడా పాలిథిలీన్, పాలిప్రొపిలీన్ జాతి ప్లాస్టిక్కే. 2016లో ఉగాండాలో 302 మంది మగవారిపై జరిగిన పరిశీలన న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. దోమతెర వలకు, ఖరీదైన వలకు ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇవి ఎక్కువగా గజ్జల్లో హెర్నియాలకు సంబంధించినవి. అయినా ఏ దారం మంచిదన్న ప్రశ్నలో ధరను కూడా ఒక అంకెగా చేర్చినవాళ్లు పెద్ద నగరాల ప్రయోగశాలల వారు కాదని గమనించండి.

మరి వల వచ్చాక దారం కథ ముగిసిందా? ముగియలేదు. ఐరోపా, అమెరికా హెర్నియా సంఘాలు 2020లో కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు బొడ్డు హెర్నియాకు సాధారణంగా వల వేయమన్నాయి. ఒక సెంటీమీటరు లోపు రంధ్రానికి మాత్రం కుట్టు చాలనుకోవచ్చన్నాయి. 2009 నాటి ఐరోపా వర్గీకరణలో రెండు సెంటీమీటర్ల లోపు ఉంటే చిన్న హెర్నియా. 2020 నాటికి చిన్నదంటే ఒక సెంటీమీటరు లోపే. దారానికి మిగిలిన చోటు సగానికి తగ్గింది. ముందు ముందు కాన్పులు ఉండే స్త్రీల విషయంలోనూ వల వేయాలా, కుట్టుతో సరిపెట్టి కాన్పుల తర్వాత చూడాలా అని సర్జన్లు ఆలోచిస్తారు. ఆ మిగిలిన చోటులో పాలిప్రొపిలీన్ వంటి కరగనిది గాని, పాలిడయాక్సనోన్ వంటి మెల్లగా కరిగేది గాని వాడతారు. ఆ రెండింటి మధ్య ఎంపిక చాలావరకు సర్జన్ అలవాటును బట్టి, రోగి చర్మం కింద ముడి తగులుతుందా అన్నదాన్ని బట్టి సాగుతుంది.

ఒక సంగతి చెప్పకుండా ఈ ప్రసంగం ఆపలేను. పైన చెప్పిన 11, 12, 4 అనే అంకెలు రావడానికి పరిశోధకులు రోగులను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పిలిచి పొట్ట తడిమి చూశారు. డెన్మార్క్‌లో అయితే దేశమంతటి హెర్నియా ఆపరేషన్లు ఒకే పట్టికలో నమోదవుతాయి. ఒక ఊరిలో కుట్టించుకున్నవాడు ఇంకో ఊరిలో మళ్లీ చేయించుకున్నా లెక్కలోకి వస్తాడు. లింబాయత్‌లో ఉండే నేతకార్మికుడు సూరత్‌లో ఆపరేషన్ చేయించుకుని, విశ్రాంతికని కరీంనగర్ జిల్లాలోని సొంత ఊరికి వెళ్లాడనుకోండి. ఏడాదికి బొడ్డు మళ్లీ ఉబ్బితే అతను సిరిసిల్లలోనో, వరంగల్‌లోనో ఇంకొక డాక్టరు దగ్గరికి వెళ్తాడు. సూరత్ సర్జన్ దృష్టిలో అది విజయవంతమైన ఆపరేషన్. రెండో సర్జన్ చేతిలో ఉన్న డిశ్చార్జి కాగితం మీద 'హెర్నియా ఆపరేషన్' అన్న రెండు మాటలే ఉంటే, రంధ్రం ఎంత ఉండేదో, ఏ దారంతో కుట్టారో, వల ఉందో లేదో కోసి చూసేదాకా అతనికి తెలియదు. రంధ్రం కొలత సెంటీమీటర్లలో, దారం పేరు, దాని సున్నాల సంఖ్య, వల ఉందా లేదా: ఈ నాలుగూ ఆ కాగితం మీద రాయమని అడిగే హక్కు రోగికి ఉంది. రాయడానికి ఒక్క నిమిషం చాలు.